కాస్పేజ్‌లను ఆపితే కణాలు బతకాలి కదా, ఇంకా ఎక్కువ చచ్చాయేంటి?

పెట్రీడిష్:
అందరికీ నమస్తే. పీహెచ్‌డీ మొదటి ఏడాది, కణాల్ని పెంచడం ఈ మధ్యే నేర్చుకున్నా, కాబట్టి తప్పుంటే మొహమాటం లేకుండా చెప్పేయండి. ఎల్929 అనే ఎలుక కణాలకి టీఎన్ఎఫ్ (ఒంట్లో వాపు తెప్పించే ప్రొటీన్) వేస్తే చస్తాయని మా గైడ్ అన్నారు, వేశా, చచ్చాయి. అక్కడిదాకా బాగానే ఉంది. "అది కాస్పేజ్‌ల పనేనని ఎలా నమ్మాలి, జడ్‌వాడ్ వేసి చూపించు" అన్నారు. జడ్‌వాడ్ అంటే కాస్పేజ్‌లన్నిటికీ ఒకేసారి అడ్డుపడే రసాయనం, అది వేస్తే చావు ఆగాలి. రాత్రి రెండూ కలిపి వేసి ఇంటికెళ్లా. పొద్దున ప్లేట్ మైక్రోస్కోప్ కింద పెడితే టీఎన్ఎఫ్ ఒక్కటే వేసిన వెల్‌లో (ప్లేట్‌లోని చిన్న గుంట) సగం కణాలైనా అడుగున అతుక్కుని ఉన్నాయి, రెండూ వేసిన వెల్‌లో మాత్రం చెప్పుకోడానికి ఒక్కటి లేదు, అంతా పగిలిపోయి తేలుతోంది. జడ్‌వాడ్‌ని కరిగించే డీఎంఎస్ఓ ఉత్తదే వేసిన వెల్ నిండుగా ఉంది, అంటే ద్రావణి తప్పు కాదు. రెండోసారి చేశా, అదే. మూడోసారీ అదే. గైడ్‌కి చూపించాలంటే టెన్షన్‌గా ఉంది. సీసాల లేబుళ్లు మార్చేశానా అని కూడా అనుమానం వస్తోంది.

కొవ్వుకణం:
మూడుసార్లూ ఒకేలా వచ్చిందంటే మీరు మార్చలేదు, జీవశాస్త్రమే మార్చేసింది :)

రాత్రిమైక్రోస్కోప్:
పెట్రీడిష్ గారూ, టెన్షన్ పడకండి, మీరు చేసింది కరెక్టే. ఇదే కణాలు, ఇదే టీఎన్ఎఫ్, కాస్పేజ్‌లను ఆపితే చావు తగ్గడం పోయి పెరిగిందని 1998లోనే పేపర్ వచ్చింది. అప్పట్లో చాలామంది దాన్ని ఎల్929 కణాలకున్న ఏదో పిచ్చిలే అని పక్కన పెట్టారు. పిచ్చి కాదని తేలడానికి పదేళ్ల పైనే పట్టింది.

జరిగేది ఇది. టీఎన్ఎఫ్ కణం బయట ఉన్న రిసెప్టర్‌కి తగలగానే లోపల ప్రొటీన్‌లు గుంపుగా చేరతాయి. ఆ గుంపులో ఎఫ్ఏడీడీ అనే ప్రొటీన్ ఉంటుంది, అది కాస్పేజ్-8ని పట్టుకొస్తుంది, అదే గుంపులో రిప్‌కె1 అనే ఇంకో ప్రొటీన్ కూడా ఉంటుంది. కాస్పేజ్-8 మేలుకుంటే రెండు పనులు చేస్తుంది. ఒకటి అందరికీ తెలిసిందే, కాస్పేజ్-3 లాంటి వాటిని కోసి లేపి కణాన్ని అపాప్టోసిస్ అనే పద్ధతి ప్రకారం జరిగే చావులోకి పంపడం. రెండోది ఎవరూ పెద్దగా చెప్పనిది: పక్కనే ఉన్న రిప్‌కె1ని, దాని చుట్టమైన రిప్‌కె3ని కోసి పారేయడం. ఆ రెండూ కోతపడకుండా మిగిలితే ఒకదాన్నొకటి పట్టుకుని గొలుసుగా పేరుకుంటాయి, రిప్‌కె3 వెళ్లి ఎంఎల్‌కెఎల్ అనే ప్రొటీన్‌కి ఫాస్ఫేట్ తగిలిస్తుంది, ఆ ఎంఎల్‌కెఎల్ కణపొరకి చేరి దానికి చిల్లులు పొడుస్తుంది. కణం పగిలిపోతుంది. దీన్నే నెక్రోప్టోసిస్ అంటున్నారు. మీరు జడ్‌వాడ్‌తో హంతకుడి చేతులు కట్టేశాననుకున్నారు, నిజానికి కట్టేసింది ఇంకో హంతకుణ్ణి పట్టుకుని ఉన్న చేతుల్ని.

ఇంకో మాట, ఎల్929 తనంతట తానే కాస్త టీఎన్ఎఫ్ తయారు చేసుకుంటుంది. అందుకే జడ్‌వాడ్ ఒక్కటే వేసి ఎక్కువసేపు ఉంచినా చస్తాయి. ఆ వెల్ పెట్టారా? పెట్టకపోతే ఈసారి తప్పకుండా పెట్టండి, లేకపోతే గైడ్ అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది.

నిదానంగా_చదువుతా:
నేను సైన్స్ మనిషిని కాదు, కంప్యూటర్ల మనిషిని, ఈ థ్రెడ్ ఎందుకు తెరిచానో తెలియదు గానీ మూసేయలేకపోతున్నా. కాస్పేజ్ అంటే అసలేంటి? కోయడం అంటున్నారు, దేంతో కోస్తుంది?

రాత్రిమైక్రోస్కోప్:
మంచి ప్రశ్న. ప్రొటీన్ అంటే అమినో ఆమ్లాల గొలుసు. ఆ గొలుసును తెంపే ఎంజైమ్‌లను ప్రొటియేజ్‌లు అంటారు, మన పొట్టలో అన్నం పప్పు అరిగించేవాటిలో కూడా ఇవే ఉంటాయి, కాకపోతే అవి దొరికిన ప్రొటీన్‌నల్లా తెంపుతాయి. కాస్పేజ్‌లు అలా కాదు, చాలా చాదస్తం. గొలుసులో ఆస్పార్టేట్ అనే అమినో ఆమ్లం దగ్గరే, అదీ దాని ముందున్న మూడు నాలుగు అక్షరాలు తనకి నచ్చితేనే, ఒక్క కోత పెడతాయి. కోసే కొస దగ్గర వాటికి ఒక సిస్టీన్ ఉంటుంది. ఆ సిస్టీన్‌ని మార్చేస్తే ఎంజైమ్ మొద్దుబారిపోతుంది, ఆకారం మాత్రం అలాగే ఉంటుంది (ఇది గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది).

ఇవి దొరికిన క్రమం కూడా తమాషాగా ఉంటుంది. మొట్టమొదట 1992లో మనుషుల్లో దొరికినది, ఇప్పుడు కాస్పేజ్-1 అంటున్నది, చావు కోసం కాదు, ఐఎల్-1 బీటా అనే జ్వరం తెప్పించే ప్రొటీన్‌ని కోసి సిద్ధం చేసేదిగా దొరికింది. మరుసటి ఏడాది ఒక చిన్న పురుగులో కణాలను చంపే జీన్ సెడ్-3 అచ్చం దానికి చుట్టమని తేలింది. ఆ పురుగు ఎదిగేటప్పుడు 1,090 కణాలు పుడితే అందులో 131 లెక్కగా చస్తాయి, ప్రతి పురుగులోనూ అవే 131. ఆ పనికే 2002లో బ్రెన్నర్, హార్విట్జ్, సల్‌స్టన్‌లకు నోబెల్ వచ్చింది. అంటే ఈ కుటుంబానికి ఇన్‌ఫ్లమేషన్ (వాపు, మంట), చావు రెండూ మొదటి నుంచీ కలిసే ఉన్నాయి. మధ్యలో మనమే కొన్నిటిని చంపేవి, కొన్నిటిని మంట పెట్టేవి అని రెండు డబ్బాల్లో సర్దేశాం. కాస్పేజ్-8 ఏ డబ్బాలోనూ పట్టదు.

సందేహాలపుట్ట:
ఒక అభ్యంతరం. ఎలా చచ్చినా చావే కదా? అపాప్టోసిస్ అయితే ఏంటి, నెక్రోప్టోసిస్ అయితే ఏంటి, కణం పోయింది. పేర్లు పెట్టుకోవడం తప్ప శరీరానికి తేడా ఏముంది?

రాత్రిమైక్రోస్కోప్:
మైక్రోస్కోప్ కింద ఒక్కసారి రెండూ పక్కపక్కన చూస్తే మళ్లీ అలా అడగరు. నేను గంటలు గంటలు టైమ్‌లాప్స్ తీసినవాణ్ణి, చూసింది చెప్తా.

అపాప్టోసిస్‌లో కణం ముందు ముడుచుకుంటుంది, అడుగు వదిలేస్తుంది. తర్వాత పొర మీద బుడిపెలు లేచి పడుతుంటాయి, పాలు పొంగేటప్పుడు చూస్తారే అలా. చివరికి కణం చిన్న చిన్న మూటలుగా విడిపోతుంది, ఒక్కో మూటకీ చుట్టూ పొర చెక్కుచెదరకుండా ఉంటుంది. లోపలివైపు ఉండాల్సిన ఫాస్ఫటిడిల్ సెరీన్ అనే కొవ్వు బయటివైపుకి తిరుగుతుంది, అది చూసి మాక్రోఫేజ్ అనే చెత్త మింగే తెల్లకణం వచ్చి మింగేస్తుంది. చప్పుడు లేదు. రంగు వేసినా లోపలికి పోదు.

నెక్రోప్టోసిస్‌లో ముడుచుకోవడం ఉండదు. కణం గుండ్రంగా ఉబ్బుతుంది, లోపల అంతా పలచబడి పారదర్శకంగా అవుతుంది, ఒక పక్కన పెద్ద బుడగ లేస్తుంది, అలా కాసేపు ఉండి ఒక్క ఫ్రేమ్‌లో టప్పున పోతుంది. మీడియాలో (కణాలు పెరిగే ద్రవం) వేసిన ఎర్ర రంగు అదే క్షణంలో కేంద్రకంలోకి దూరి వెలుగుతుంది. అంటే లోపలివి బయటికి కూడా వచ్చేసినట్టే. డీఎన్ఏ ముక్కలు, ఏటీపీ, హెచ్ఎంజీబీ1 లాంటి ప్రొటీన్‌లు, ఇవన్నీ లోపల ఉండాల్సినవి, బయట కనబడితే రోగనిరోధక వ్యవస్థకి ప్రమాద ఘంటికలే. మన ఒంట్లో రోజుకి వేల కోట్ల కణాలు చస్తుంటాయి, అవన్నీ ఇలా పగులుతూ పోతే మనిషి ఒళ్లంతా వాచి కూర్చోవాల్సిందే.

ఎలుకలగది:
ఇక్కడ నా వాటా చెప్తా, జీన్‌లు తీసేసిన ఎలుకలతోనే నా జీవితం గడిచిపోతోంది కాబట్టి.

కాస్పేజ్-8ని 1996లో కనుక్కున్నారు, ఫాస్ అనే చావు రిసెప్టర్ కింద పనిచేసే ఎంజైమ్‌గా. చంపే ఎంజైమ్ కదా, దాన్ని తీసేస్తే కణాలు చావక ఎలుకకి ఏ గడ్డలో వస్తాయని ఎవరైనా అనుకుంటారు. 1998లో తీసేశారు. ఎలుక పుట్టనే లేదు. పిండం పదకొండో రోజు అటూఇటూగా చచ్చిపోయింది, గుండె సరిగా ఎదగలేదు, రక్తనాళాలు పాడయ్యాయి. చంపేవాణ్ణి తీసేస్తే బతకాల్సింది పోయి చావడమేంటి అని పదమూడేళ్లు తలలు పట్టుకున్నారు. కణవిభజనలో పాత్ర ఉందేమో, గుండె తయారీలో వేరే పని చేస్తుందేమో అని రకరకాల ఊహలు నడిచాయి.

2011లో రెండు బృందాలు ఒకేసారి ఒకే మాట చెప్పాయి. కాస్పేజ్-8తో పాటు రిప్‌కె3ని కూడా తీసేస్తే ఎలుక చక్కగా పుడుతుంది, పెరుగుతుంది, పిల్లల్ని కూడా పెడుతుంది! అంటే పిండాన్ని చంపింది కాస్పేజ్-8 లేకపోవడం కాదు, అది లేనప్పుడు విచ్చలవిడిగా పోయిన రిప్‌కె3. నాకు ఆ ఫలితం విన్న రోజు ఇప్పటికీ గుర్తుంది, ల్యాబ్‌లో సగం మంది నమ్మలేదు.

ఇంకో ముక్క ఉంది, అది చాలామంది వదిలేస్తారు. ఆ రెండూ లేని ఎలుకలకి వయసు పెరిగేకొద్దీ లింఫ్ గ్రంథులు, ప్లీహం బాగా ఉబ్బుతాయి, అచ్చం ఫాస్ లేని ఎలుకల్లా. పని అయిపోయిన తెల్లకణాలు చావాల్సిన చోట చావట్లేదన్నమాట. అంటే చంపే పని కూడా నిజమే, అబద్ధం కాదు. ఒకే ఎలుకలో రెండు ఉద్యోగాలూ విడివిడిగా కనబడ్డాయి.

సందేహాలపుట్ట:
సరే ఒప్పుకున్నా. కానీ అప్పుడు లెక్క చాలా తేలికైపోయిందిగా, కాస్పేజ్-8 అంటే నెక్రోప్టోసిస్‌కి తాళం, అంతే. ఇంక చర్చ ఎందుకు?

ఎలుకలగది:
అందరూ అలాగే అనుకున్నారు, 2019 దాకా. రాత్రిమైక్రోస్కోప్ గారు గుర్తు పెట్టుకోమన్న మొద్దుబారిన ఎంజైమ్ ఇక్కడ వస్తుంది. జీన్‌ని పూర్తిగా తీసేయకుండా, ఆ కోసే సిస్టీన్ ఒక్కదాన్నే మార్చారు. ఎంజైమ్ ఉంటుంది, ఆకారం ఉంటుంది, కోత ఉండదు. ఈ ఎలుకలూ పిండంలోనే చచ్చాయి, అది ఊహించిందే. ఎంఎల్‌కెఎల్‌ని కూడా తీసేస్తే, అంటే నెక్రోప్టోసిస్ అసలు జరగకుండా చేస్తే, బతకాలి కదా? గుండె బాగుపడింది, పిండం దాటాయి, కానీ పుట్టే వేళకి చచ్చాయి!

ఎందుకంటే కోత లేని ఆ కాస్పేజ్-8 ఖాళీగా కూర్చోలేదు. ఏఎస్‌సీ అనే ప్రొటీన్ చుక్కలుగా పేరుకోవడానికి అదే అరుగులా పనికొచ్చింది, దాంతో కాస్పేజ్-1 మేలుకుంది, ఐఎల్-1 బీటా బయటికొచ్చింది, అంటే పైరోప్టోసిస్ అనే, మంట పెడుతూ పగిలిపోయే ఇంకో రకం చావుకి దారి తెరుచుకుంది. ఏఎస్‌సీని గానీ కాస్పేజ్-1ని గానీ మూడోదిగా తీసేస్తే అప్పుడు బతికాయి. కాబట్టి తాళం ఒకటి కాదు. ఒక తలుపు మూస్తే రెండోది, రెండోది మూస్తే మూడోది. నా దృష్టిలో ఈ ఎంజైమ్ గురించిన అతి పెద్ద పాఠం 2011ది కాదు, ఇదే.

కొవ్వుకణం:
దొంగ చేతికే తాళాలిచ్చినట్టు ఉంది ఈ ఏర్పాటు. చంపేవాడికే కాపలా ఉద్యోగం ఏంటండీ, ఎవరు డిజైన్ చేశారో!

రాత్రిమైక్రోస్కోప్:
వైరస్‌లను గుర్తు చేసుకుంటే అర్థమవుతుంది. వైరస్ దూరిన కణం త్వరగా చస్తే వైరస్‌కి నష్టం. అందుకే కౌపాక్స్ వైరస్ దగ్గర క్రమ్ఏ అనే ప్రొటీన్ ఉంది, కాస్పేజ్-8కి, కాస్పేజ్-1కి రెండింటికీ అడ్డుపడుతుంది. ఇప్పుడు కణం వైపు నుంచి చూడండి. కాస్పేజ్-8 పని ఆగిందంటే లోపల ఎవడో దాన్ని ఆపాడనే కదా. అప్పుడు రిప్‌కె3 విడుదలై కణాన్నే పేల్చేస్తుంది, పేలుడు చప్పుడుకి రోగనిరోధక కణాలు పరిగెత్తుకొస్తాయి. కాపలావాణ్ణి కట్టేస్తే మోగే అలారం లాంటిది. ఎలుకల సైటోమెగలో వైరస్ ఇంకా ముదురు, ఎం36 అనే ప్రొటీన్‌తో కాస్పేజ్-8ని ఆపుతుంది, అలారం మోగకుండా ఎం45తో రిప్‌కె3 దారిని కూడా మూసేస్తుంది. ఎం45 చెడగొట్టిన వైరస్ మామూలు ఎలుకలో నిలదొక్కుకోలేదు, రిప్‌కె3 లేని ఎలుకలో మాత్రం హాయిగా పెరుగుతుంది.

బ్యాక్టీరియా వైపు కూడా ఇలాంటిదే ఉంది. యెర్సీనియా తన యాప్‌జే ప్రొటీన్‌తో మాక్రోఫేజ్ లోపలి టాక్1 అనే ప్రొటీన్‌ని నొక్కేస్తే, కాస్పేజ్-8 నేరుగా గాస్డర్మిన్-డిని (కోతపడితే పొరకి చిల్లులు పెట్టే ప్రొటీన్) కోసి కణాన్ని పైరోప్టోసిస్‌కి పంపుతుంది, 2018లో తేలింది. అంటే అవసరమైతే అదే ఎంజైమ్ మంట పెడుతుంది కూడా. మంచిదా చెడ్డదా అని అడగడంలో అర్థం లేదు, ఏ కణం, ఎవరు పక్కన ఉన్నారు అన్నదే చూడాలి.

నిదానంగా_చదువుతా:
ఎలుకలు సరే. మనుషుల్లో ఇది పాడైనవాళ్లు ఉన్నారా? ఇంట్లో ఒకరికి పేగు వాపు జబ్బు ఉంది, అందుకే అడుగుతున్నా.

ఎలుకలగది:
ఉన్నారండి, చాలా అరుదు. 2002లో ఒక కుటుంబంలో తోబుట్టువులకి కాస్పేజ్-8లో 248వ స్థానంలో ఆర్జినిన్ బదులు ట్రిప్టోఫాన్ వచ్చినట్టు కనుక్కున్నారు. లింఫ్ గ్రంథులు, ప్లీహం ఉబ్బడం, మళ్లీ మళ్లీ ఇన్‌ఫెక్షన్‌లు. తర్వాతి సంవత్సరాల్లో పసితనంలోనే తీవ్రమైన పేగు వాపు వచ్చిన పిల్లల్లోనూ ఈ జీన్‌లో లోపాలు దొరికాయి. ఎలుకల్లో పేగు లోపలి పొరలో మాత్రమే కాస్పేజ్-8ని తీసేస్తే చిన్నపేగు చివర వాపు వస్తుంది, బ్యాక్టీరియాని అదుపులో పెట్టే పనేత్ కణాలు మాయమైపోతాయి, అది 2011లోనే చూశారు. చర్మంలో తీసేస్తే చర్మం వాస్తుంది.

ఇంకో జబ్బు ఇంకా చక్కగా విషయాన్ని చూపిస్తుంది. అందులో కాస్పేజ్-8 బాగానే ఉంటుంది, అది కోయాల్సిన రిప్‌కె1లో కోతపడే చోటు, 324వ ఆస్పార్టేట్, మారిపోయి ఉంటుంది. ఒక్క అక్షరం. వాళ్లకి చిన్నప్పటి నుంచీ తిరగబెట్టే జ్వరాలు, మెడలో గ్రంథుల వాపు. 2020లో బయటికొచ్చింది. ఐఎల్-6 అనే వాపు పెంచే ప్రొటీన్‌ని అడ్డుకునే టోసిలిజుమాబ్ మందు కొందరికి బాగా పనిచేసింది. కత్తెర పదునుగానే ఉంది, గుడ్డే తెగట్లేదు.

మీ ఇంట్లోవారి విషయానికి వస్తే, పెద్దవాళ్లలో వచ్చే మామూలు పేగు వాపు జబ్బు ఈ ఒక్క జీన్ వల్ల వచ్చేది కాదు. ఇది చదివి ఏ పరీక్షకీ పరిగెత్తకండి, చూస్తున్న డాక్టర్‌నే అడగండి.

మందులమనిషి:
ఆలస్యంగా వచ్చా. మందుల వైపు నుంచి ఒక మాట, ఎందుకంటే పెట్రీడిష్ గారి ప్లేట్‌లో జరిగిందే పెద్ద ఎత్తున జరిగి ఉండొచ్చు. ఎమ్రికాసన్ అని కాస్పేజ్‌లన్నిటినీ ఆపే మాత్ర ఉండేది. కొవ్వు పట్టి వాచిన కాలేయంలో కణాలు అపాప్టోసిస్‌తో చస్తున్నాయి, ఆపితే కాలేయం కోలుకుంటుందని ఆలోచన. వినడానికి ఎంత బాగుందో చూడండి. రోగుల మీద పరీక్షిస్తే రక్తంలో ఏఎల్‌టీ (కాలేయం దెబ్బతింటే పెరిగేది) తగ్గింది, కాస్పేజ్‌లు ఆగినట్టు గుర్తులూ కనబడ్డాయి. బయాప్సీ చూస్తే కాలేయం బాగుపడలేదు. కణాలు వేరే రకం చావుకి మళ్లి ఉంటాయని, మచ్చ కట్టడం, కణాలు ఉబ్బడం ఇంకా పెరిగి ఉండొచ్చని పరీక్ష చేసినవాళ్లే రాసుకున్నారు.

పోనీ రెండో వైపు నుంచి వద్దామని రిప్‌కె1ని ఆపే మందులు చేశారు. సోరియాసిస్, కీళ్లవాతం, పెద్దపేగు పుండ్లు, మూడింట్లోనూ జీఎస్‌కే కంపెనీ వాళ్ల మొదటి మందు రెండో దశ పరీక్షల్లో ఆశించినంత చేయలేదు. అందుకని ఎవరైనా "కాస్పేజ్ తగ్గించే" పొడులో టానిక్‌లో అమ్మితే దగ్గరికి రానీయకండి.

సందేహాలపుట్ట:
క్యాన్సర్‌లో? అక్కడ కాస్పేజ్-8 లేకపోతే గడ్డకి లాభమే కదా?

మందులమనిషి:
కొన్నిట్లో అంతే. పిల్లల్లో వచ్చే న్యూరోబ్లాస్టోమా గడ్డల్లో చాలావాటిలో ఈ జీన్ పోదు, దాని మీద మిథైల్ గుంపులు పడి నోరు మూతపడుతుంది, 2000లో చూపించారు. కానీ చాలా క్యాన్సర్‌లలో జీన్ మామూలుగానే ఉంటుంది. గడ్డకీ ఈ కాపలావాడు కావాలేమో, తనే పగిలిపోకుండా. ఇది నా అభిప్రాయం మాత్రమే.

పెట్రీడిష్:
అందరికీ ధన్యవాదాలు, పది రోజుల తర్వాత వచ్చా. రాత్రిమైక్రోస్కోప్ గారు చెప్పినట్టు జడ్‌వాడ్ ఒక్కటే వేసిన వెల్ పెట్టా, నిజంగానే అందులోనూ కొన్ని చచ్చాయి. దాంతో పాటు నెక్రోస్టాటిన్-1 కూడా తెప్పించా, రిప్‌కె1ని ఆపేది. టీఎన్ఎఫ్, జడ్‌వాడ్, నెక్రోస్టాటిన్ మూడూ వేసిన వెల్ పొద్దున చూస్తే డీఎంఎస్ఓ వెల్ లాగే నిండుగా ఉంది!! నమ్మలేక ప్లేట్ తిప్పి పేర్లు రెండుసార్లు చూసుకున్నా.

వెస్టర్న్ బ్లాట్ (ఒక ప్రొటీన్ ఉందో లేదో బ్యాండ్‌గా చూపించే పరీక్ష) కూడా చేశా. ఫాస్ఫేట్ తగిలిన ఎంఎల్‌కెఎల్ యాంటీబాడీతో చూస్తే రెండూ వేసిన లేన్‌లో నల్లటి బ్యాండ్, నెక్రోస్టాటిన్ లేన్‌లో ఖాళీ. మొదటిసారి తేలుతున్న కణాలు పారబోసి అడుగున ఉన్నవే తీసుకున్నా, బ్యాండే రాలేదు. చచ్చినవన్నీ ఆ పారబోసిన మీడియాలోనే ఉంటాయని రెండోసారికి గానీ వెలగలేదు. గైడ్ చూసి "నేను 1998 పేపర్ చదవలేదనుకున్నావా" అన్నారు. అంటే ముందే తెలుసట! కావాలనే చెప్పలేదట.

కొవ్వుకణం:
గైడ్‌లందరూ ఒకే అచ్చు.

ఎలుకలగది:
అభినందనలు. తేలిన కణాల సంగతి ప్రొటోకాల్‌లో పెద్దక్షరాలతో రాసుకోండి, నేను దానికి ఒక నెల పోగొట్టుకున్నా.

నిదానంగా_చదువుతా:
చివరగా ఒకటి. రిప్‌కె3, ఎంఎల్‌కెఎల్ ఇంత ప్రమాదమైతే వాటిని మొత్తానికే వదిలించుకున్న జంతువు ఏదీ లేదా?

ఎలుకలగది:
ఉంది, మీరు రోజూ చూసేదే. కుక్కలకి, పిల్లులకి ఎంఎల్‌కెఎల్ పనిచేయదు, వాటి పూర్వీకుల్లోనే పోయింది. మా ల్యాబ్‌లో ఎలుకలకి కూడా రిప్‌కె3 గానీ ఎంఎల్‌కెఎల్ గానీ తీసేస్తే మామూలుగానే తిరుగుతాయి, పిల్లల్ని పెడతాయి, బోనులో చూసి ఏది ఏదో చెప్పలేం, తోక ముక్క కోసి జీన్ పరీక్ష చేయాల్సిందే.

కొవ్వుకణం:
అయితే పెట్రీడిష్ గారూ, తర్వాతి ప్రయోగం కుక్క కణాల మీద. టీఎన్ఎఫ్, జడ్‌వాడ్, ఒక రాత్రి. పొద్దున ఏం కనబడిందో ఇక్కడే రాయండి.